ఆముదం, వేరుశనగ, స్ఫటికం: నూనె జెల్‌లలో నిర్మాణ నియంత్రణ

నూనె, డీజిల్, టాలూయీన్ వంటి సేంద్రియ ద్రవంలో నూటికి ఒకటి రెండు పాళ్ల ఘనపదార్థం వలలా అల్లుకుని, ఆ ద్రవం మొత్తాన్ని కదలకుండా పట్టి ఉంచితే అది సేంద్రియ జెల్. ఆ వల పాలిమర్‌తోనూ కావచ్చు, చిన్న అణువులతోనూ కావచ్చు. చిన్న అణువులతో అయ్యే జెల్‌లలో ఒక్కో పోగూ చాలాసార్లు ఒక స్ఫటికమే. వేడి ద్రావణం చల్లారేటప్పుడు అణువులు ఒక దిక్కున వేగంగా పేరుకుంటూ, మిగిలిన రెండు దిక్కుల్లో దాదాపు ఆగిపోతే పోగు వస్తుంది. అన్ని దిక్కులా పెరిగితే పలకలో రవ్వలో ఏర్పడి అడుగుకు దిగుతాయి, నూనె నూనెగానే పైన మిగులుతుంది. అందువల్ల జెల్ కట్టించడమంటే స్ఫటికీకరణను అడ్డుకోవడం కాదు. దాన్ని ఒక దారిలో నడిపించి, సరిగ్గా కావలసిన చోట నిలబెట్టడం. ఆ పగ్గాలు ఎక్కడున్నాయి, వాటిలో ఎన్ని చేతికి అందాయి అన్నదే ఈ రంగంలోని అసలు ప్రశ్న.

కర్నూలు జిల్లా పడమటి మండలాల పంటలకు ఈ ప్రశ్నతో నేరుగా సంబంధం ఉంది. మద్దికెర, పత్తికొండ, ఆస్పరి, ఎమ్మిగనూరు చుట్టుపక్కల వర్షాధారపు చేలల్లో పండే వేరుశనగ, పత్తి, ఆముదాలు ఆదోని మార్కెట్ యార్డుకు చేరతాయి. ఈ మూడింటి గింజల్లోనూ నూనె ఉంది. ఆ మూడు నూనెలూ చల్లదనానికి మూడు విధాలుగా స్పందిస్తాయి. స్ఫటికం, జెల్ ఎక్కడ విడిపోతాయో తెలుసుకోవడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణలు దొరకవు.

వేరుశనగ నూనె సంగతి ముందు. దీనిలో 20, 22, 24 కార్బన్ల పొడవైన సంతృప్త కొవ్వు ఆమ్లాలు నూటికి సుమారు 5 నుంచి 7 పాళ్లు ఉంటాయి. ఫ్రిజ్‌లో పెడితే నూనె ముందు మసకబారుతుంది, సున్నా డిగ్రీల దగ్గరికి తెస్తే చిక్కబడి సీసా వంచినా జారనంత జెల్ అవుతుంది. అప్పుడు ఏర్పడే స్ఫటికాలు ఎంత సన్ననివంటే, వాటిని వడకట్టడం సాధ్యం కాదు: గుడ్డ మీద నూనె, గట్టిపడిన భాగం కలిసే నిలిచిపోతాయి. పత్తి గింజల నూనె దీనికి పూర్తిగా ఎదురు. దానిలో దాదాపు నాలుగో వంతు పామిటిక్ ఆమ్లం. నెమ్మదిగా చల్లారిస్తే గట్టి భాగం గింజ కట్టి విడిపోతుంది, వడపోతకు లొంగుతుంది. చలిలో గడ్డకట్టని నూనెను తయారుచేసే పద్ధతి పారిశ్రామికంగా పత్తి గింజల నూనె మీదే స్థిరపడింది. వేరుశనగ నూనెకు ఆ పద్ధతి పనికిరాలేదు. శుద్ధి చేసేవారికి అది లోపంగా కనిపించింది. జెల్ కావాలనుకునేవారికి అదే గుణం: అతి తక్కువ ఘనం, అతి సన్నని స్ఫటికం, చాలా ఎక్కువ నూనె పట్టు.

గట్టిపరచిన కొవ్వులో ఈ తేడా తలకిందులవుతుంది. కొవ్వు అణువులు ఆల్ఫా, బీటా ప్రైమ్, బీటా అని మూడు ముఖ్య రూపాల్లో పేర్చుకుంటాయి. ఆల్ఫా త్వరగా పుట్టి త్వరగా మారిపోతుంది. బీటా ప్రైమ్ సన్నని సూదులుగా ఏర్పడి నూనెను బాగా పట్టుకుంటుంది. బీటా అన్నిటికంటే స్థిరమైనది, కానీ ముతక. కొవ్వుకు ఇసుక రాపిడి తెస్తుంది. హైడ్రోజన్‌తో గట్టిపరచిన పత్తి నూనె బీటా ప్రైమ్‌లో నిలుస్తుంది, వేరుశనగ నూనె బీటా వైపు జారుతుంది. పత్తి నూనెలో 16, 18 కార్బన్ల గొలుసులు కలిసి ఉండటం వల్ల అణువులు బిగుతుగా పేర్చుకోలేవు, ఆ ఎగుడుదిగుడే సన్నని రూపాన్ని కాపాడుతుంది. ఒకే నూనె ద్రవంగా ఒక తీరున, గట్టిపడ్డాక మరో తీరున నడుస్తుందన్న మాట. నూనె పేరును బట్టి కాక, దానిలోని గొలుసుల పొడవును, చల్లార్చే తీరును బట్టే నిర్ణయానికి రావాలి.

నెయ్యి పూస కట్టడం ఇదే విద్యకు ఇంటింటా తెలిసిన రూపం. కాచిన నెయ్యిని 28 నుంచి 30 డిగ్రీల మధ్య కదపకుండా ఉంచితే స్ఫటిక బీజాలు కొన్నే పుడతాయి, ప్రతిదీ నింపాదిగా పెరిగి పూస అవుతుంది, చుట్టూ ద్రవ భాగం తేరుతుంది. అదే నెయ్యిని ఫ్రిజ్‌లో పెడితే లక్షల బీజాలు ఒక్కసారిగా పుట్టి, ఏదీ పెరగక, మైనంలా నున్నగా గడ్డకడుతుంది. ఇక్కడ మారింది పదార్థం కాదు, అది చల్లారిన వేగం. బీజాలు ఎన్ని పుట్టాలి, ఒక్కొక్కటి ఎంత పెరగాలి అన్న ఈ బేరమే సేంద్రియ జెల్‌ల శాస్త్రమంతటికీ మూలం.

ఇక ఆముదం. వేరుశనగ చేల గట్ల వెంబడి పొగాకు లద్దె పురుగుకు ఎర పంటగానూ, కొన్నిచోట్ల అంతర పంటగానూ వేసే ఈ మొక్క గింజలోని నూనె మరే వంటనూనెనూ పోలదు. దాని కొవ్వు ఆమ్లాల్లో 85 నుంచి 90 శాతం ఒకే ఒక్క ఆమ్లం, రిసినోలీక్ ఆమ్లం. ప్రకృతిలో ఒక గింజ ఇంత శుద్ధంగా ఒకే ఆమ్లాన్ని కూడబెట్టడం అరుదు. ఆ ఆమ్లం 18 కార్బన్ల గొలుసు, 9వ కార్బన్ దగ్గర ద్విబంధం, 12వ కార్బన్ మీద హైడ్రాక్సిల్. నికెల్ ఉత్ప్రేరకంతో హైడ్రోజన్ ఎక్కిస్తే ద్విబంధం పోతుంది, ఆముదం 85 డిగ్రీల పైన కరిగే గట్టి మైనం అవుతుంది. దాన్ని విడగొడితే 12-హైడ్రాక్సీస్టియరిక్ ఆమ్లం వస్తుంది. సేంద్రియ ద్రవాలను జెల్ చేసే చిన్న అణువుల్లో ప్రపంచవ్యాప్తంగా అత్యధికంగా పరిశీలించినవాటిలో ఇదొకటి. పియర్ టెరెక్, రిచర్డ్ వైస్ 1997లో ఈ జెల్‌ల మీద రాసిన సమీక్ష రంగానికి పునాది రచనగా నిలిచింది. ఆ ఇద్దరూ ఈ ఆమ్లం మీద స్వయంగా పనిచేసినవారే.

ప్రయోగం సాదాసీదాగానే ఉంటుంది. మూతగల చిన్న గాజు సీసాలో వేరుశనగ నూనె పోసి, నూటికి రెండు పాళ్ల లెక్కన ఈ ఆమ్లపు తెల్లని పొడి వేసి, 85 డిగ్రీలు దాటేదాకా వేడి చేస్తే పొడి పూర్తిగా కరిగి నూనె తేటపడుతుంది. బల్ల మీద వదిలేస్తే కొద్దిసేపటికి సీసా గోడల వెంట పలచని మసక మొదలై లోపలికి పాకుతుంది. చల్లారాక సీసాను తలకిందులు చేసినా నూనె కదలదు. బొట్టంత జెల్‌ను రెండు గాజు పలకల మధ్య నొక్కి, ఒకదానికొకటి అడ్డంగా తిప్పిన రెండు ధ్రువణ ఫిల్టర్ల మధ్య సూక్ష్మదర్శినిలో చూస్తే, నల్లని నేపథ్యంలో వెలుగుతున్న పోగుల చిక్కు కనిపిస్తుంది. వెలుగు రావడమే అవి స్ఫటికాలని చెప్పే సాక్ష్యం. ద్రవమైన నూనె అక్కడ చీకటిగానే ఉంటుంది.

పోగు లోపలి అమరిక ఇలా ఉంటుంది. రెండు అణువులు తమ ఆమ్ల చివరలు కలుపుకుని జతకడతాయి. జతలోని 12వ కార్బన్ హైడ్రాక్సిల్ పక్క జత హైడ్రాక్సిల్‌ను హైడ్రోజన్ బంధంతో పట్టుకుంటుంది, అది ఆ పక్కదాన్ని. ఈ గొలుసు ఏ దిక్కున సాగితే పోగు ఆ దిక్కున పొడుగవుతుంది. హైడ్రాక్సిల్ లేని స్టియరిక్ ఆమ్లం గొలుసును ముందుకు నడపలేదు. హైడ్రాక్సిల్‌ను ఆమ్ల చివరకు మరీ దగ్గరి కార్బన్ మీదికి జరిపినా లాభం లేదు, ఆమ్ల చివరలు జతకట్టడానికి అదే అడ్డొస్తుంది. స్థానం ఒక్కటే మారితే జెల్ కట్టే గుణం పోతుందన్న ఈ ఫలితం, అణువు రూపకల్పనే స్ఫటిక నియంత్రణలో మొదటి మెట్టని నిరూపించింది.

రెండో మెట్టు అణువు ఎడమ-కుడి వాటం. 12వ కార్బన్ మీద హైడ్రాక్సిల్ రెండు విధాలుగా నిలవగలదు, ఆ రెండూ అద్దంలో ప్రతిబింబాల్లాంటివి. జపాన్‌లో టాచిబానా బృందం 1960ల నుంచి చేసిన పరిశీలనల్లో, ఒకే వాటం ఉన్న ఆమ్లం మెలి తిరిగిన పోగులుగా పెరిగిందని, దాని ప్రతిబింబం ఎదురు మెలి తిరిగిందని తేలింది. రెండూ సమానంగా కలిసిన మిశ్రమంలో మెలి ఉండదు; పోగులకు బదులు పలకలు వస్తాయి, జెల్ బలహీనపడుతుంది. మెలి తిరగడం వల్లనే పోగు పక్కలకు లావెక్కలేదు: వంపు తిరిగిన ముఖం మీద కొత్త పొర సరిగ్గా కుదురుకోదు. ఆముదం మొక్కలోని ఎంజైము హైడ్రాక్సిల్‌ను ఎప్పుడూ ఒకే వాటంలో పెడుతుంది, హైడ్రోజనీకరణ తర్వాత కూడా అది చాలావరకు నిలిచే ఉంటుంది. రసాయనశాలలో ఎంతో ఖర్చుతో సాధించాల్సిన శుద్ధిని గింజ ముందే చేసి ఇస్తోంది. వర్షాధారపు మెట్టచేలలో, తక్కువ దిగుబడితో పండే పంటకు ఇది చిన్న విలువ కాదు. అయినా ఇక్కడి ఆముదాలు గింజలుగానే బయటికి వెళ్తాయి. దేశంలో ఆముదపు సాగూ నూనె పరిశ్రమా ప్రధానంగా గుజరాత్‌లో కేంద్రీకృతమయ్యాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత నూనెగింజల పరిశోధన సంస్థ ఆముదం వంగడాల మీద పనిచేస్తోంది. అనంతపురంలో నూనెల సాంకేతిక పరిశోధన సంస్థ ఉంది. గింజకూ జెల్‌కూ మధ్య ఉన్న దూరం తగ్గాలంటే పని జరగవలసింది ఇలాంటి చోట్లే.

12-హైడ్రాక్సీస్టియరిక్ ఆమ్లపు లిథియం సబ్బు పోగులే ట్రాక్టర్, లారీ బేరింగుల్లో పెట్టే గ్రీజును గ్రీజుగా నిలుపుతాయి. లిథియం గ్రీజుకు 1942లో క్లారెన్స్ ఎర్ల్ పేరిట అమెరికా పేటెంటు వచ్చింది. నేటికీ ప్రపంచంలో తయారయ్యే గ్రీజుల్లో లిథియం రకాలదే పెద్ద వాటా. బేరింగు తిరిగేటప్పుడు పోగుల వల లొంగి నూనెను వదలాలి, ఆగినప్పుడు మళ్లీ పట్టుకోవాలి. పోగు పొట్టిదైతే గ్రీజు కారిపోతుంది, వల మరీ బిగుతైతే నూనె విడుదల కాక బేరింగు ఎండిపోతుంది. కాచే పాత్రలో చల్లార్చే క్రమాన్ని గ్రీజు తయారీదారులు అంత జాగ్రత్తగా పాటించేది అందుకే.

చల్లార్చే వేగం మీద మైకేల్ రోజర్స్, అలెహాండ్రో మరాంగోని 2008 ప్రాంతంలో కెనడాలో చేసిన పని చాలా స్పష్టమైనది. వంటనూనెలో 12-హైడ్రాక్సీస్టియరిక్ ఆమ్లాన్ని నిమిషానికి సుమారు 5 డిగ్రీల కంటే నెమ్మదిగా చల్లార్చినప్పుడు పోగులు పొడవుగా, కొమ్మలు తక్కువగా పెరిగాయి. అంతకంటే వేగంగా చల్లార్చినప్పుడు పోగులు పొట్టివై, ఎక్కడికక్కడ కొమ్మలు వేశాయి. కారణం అతిసంతృప్తత. ద్రావణం త్వరగా చల్లబడితే కరిగి ఉండాల్సిన దానికంటే ఎక్కువ పదార్థం ద్రవంలో చిక్కుకుపోతుంది. పెరుగుతున్న పోగు కొసకు అణువులు ఎంత వేగంగా వచ్చి తగులుతాయంటే, కొన్ని పాత వరసకు తప్పి కూర్చుంటాయి. ఆ తప్పిన చోటే కొత్త పోగు వేరే కోణంలో మొదలవుతుంది. ఈ పొరపాటు శాశ్వతం. మళ్లీ కరిగిస్తే తప్ప పోదు. కొమ్మలు కొన్ని ఉంటే వల బిగుస్తుంది, జెల్ గట్టిపడుతుంది. మితిమీరితే ఒక్కో బీజం చుట్టూ కొమ్మలు ముద్దకట్టి గుండ్రని గుత్తులు వస్తాయి, గుత్తికీ గుత్తికీ పట్టు ఉండక జెల్ విరుగుతుంది.

కొమ్మలను బయటి పదార్థంతోనూ తెప్పించవచ్చు. సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో షియాంగ్-యాంగ్ లియు బృందం 2002లో లానోస్టెరాల్ జాతి సమ్మేళనం ఒకదానితో ఇది చూపింది. ఆ సమ్మేళనం ఒంటరిగా ఉన్నప్పుడు విడివిడి సూదులుగా పెరిగింది, ద్రవం ద్రవంగానే ఉంది. అత్యల్పంగా ఇథిలీన్-వినైల్ అసిటేట్ పాలిమర్ కలిపితే అది సూదుల కొసలకు అంటుకుని వరస తప్పించింది. సూదులు కొమ్మలు వేసి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి, జెల్ కట్టింది. జెల్ కట్టదని పక్కన పెట్టిన అణువుకు పనికొచ్చే తోడు దొరకలేదేమోనన్న అనుమానం ఈ ఫలితంతో బలపడింది.

ద్రావణి ప్రభావం ఇంకా లోతైనది. 12-హైడ్రాక్సీస్టియరిక్ ఆమ్లాన్ని పెట్రోలియం జాతి ద్రవాల్లో చల్లార్చితే గొలుసులు సుమారు 4.1 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో షట్కోణపు అమరికలో నిలుస్తాయి, పోగులు సన్నగా వస్తాయి, జెల్ తేటగా ఉంటుంది. కీటోన్లు, నైట్రైల్‌ల వంటి ధ్రువ ద్రవాల్లో గొలుసులు ఒకదానిలోకొకటి చొచ్చుకుని, మరో అమరికలో గట్టిగా పేర్చుకుంటాయి. పలకలు, గుత్తులు వచ్చి ద్రవం తెల్లబడుతుంది. ధ్రువ ద్రవం హైడ్రాక్సిల్‌ను తనవైపు లాక్కోవడం దీనికి ముఖ్య కారణం. అణువు అదే అయినా, ఏ స్ఫటికం పుట్టాలో తేల్చడంలో చుట్టూ ఉన్న ద్రవానిది సమాన వాటా.

ఘనపదార్థంలో అణువుల అమరికను ముందే ఊహించి రూపొందించే విద్యకు స్ఫటిక ఇంజనీరింగ్ అని పేరు. దానికి ప్రపంచ స్థాయి కేంద్రాల్లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఒకటి. 1979 నుంచి మూడు దశాబ్దాలు అక్కడ పనిచేసిన గౌతమ్ దేశిరాజు 1989లో ఈ విషయం మీద వెలువరించిన గ్రంథం, 1995లో ప్రతిపాదించిన సూప్రామాలిక్యులర్ సింథాన్ భావన రంగం భాషనే మార్చాయి. ఆమ్లాల జత, అమైడ్ గొలుసు వంటి బంధపు నమూనాలు వేర్వేరు స్ఫటికాల్లో మళ్లీ మళ్లీ వస్తాయి. వాటినే ఇటుకలుగా తీసుకోవచ్చన్నది ఆ భావన సారం. 2017 ఆగస్టులో అంతర్జాతీయ స్ఫటిక శాస్త్ర మహాసభ హైదరాబాద్‌లో జరగడం ఈ కృషికి తగిన గుర్తింపు. కోల్‌కతాలో పార్థసారథి దస్తిదార్ ఇదే భావనను జెల్‌లకు వర్తింపజేశారు: ఒక దిక్కున మాత్రమే సాగే బంధపు నమూనా ఉన్న సేంద్రియ లవణాలను ఎంచుకుంటే, వాటిలో జెల్ కట్టేవి గుడ్డిగా వెతికినప్పటికంటే చాలా ఎక్కువగా దొరికాయి. బెంగళూరులో శంతను భట్టాచార్య బృందం 2001లోనే నీళ్లను ముట్టకుండా, కలిసి ఉన్న నూనెను మాత్రమే జెల్ చేసే అణువును చూపింది.

అయితే ఈ పద్ధతికి ఒక గట్టి హద్దు ఉంది. ఎక్స్-కిరణాలతో నిర్మాణం పూర్తిగా తేల్చాలంటే సాధారణంగా కంటికి కనిపించేంత ఏకస్ఫటికం కావాలి. జెల్ పోగు మందం నానోమీటర్లలో ఉంటుంది. అందుకని అదే అణువును మరో ద్రావణిలో పెద్ద స్ఫటికంగా పెంచి, పోగు లోపలా అదే అమరిక ఉందని అనుకోవడం ఆనవాయితీ అయింది. అది చాలాసార్లు తప్పు. ద్రవాన్ని ఆరబెట్టి మిగిలిన పొడిని కొలిచినా, ఆరే క్రమంలోనే అమరిక మారిపోవచ్చు. వైస్ బృందం 1996లో జెల్‌ను జెల్‌గానే ఉంచి, దాని ఎక్స్-కిరణ చిత్రం నుంచి ద్రవపు వాటాను తీసివేసి, మిగిలిన గీతలను తెలిసిన స్ఫటిక రూపాలతో పోల్చే మార్గం చూపింది. ఆ జాగ్రత్త తీసుకోని నిర్మాణ ప్రతిపాదనలను అనుమానంతోనే చదవాలి.

జెల్‌లో స్ఫటికాలను పెంచడం ఇదే విషయానికి మరో ముఖం. జెల్ లోపల ద్రవం సుడులు తిరగదు, అణువులు వ్యాపనం ద్వారానే నెమ్మదిగా చేరతాయి, స్ఫటికం అడుగుకు రాలిపోదు. 1896లో లీజెగాంగ్ జెలటిన్‌లో చూసిన వలయాల అవక్షేపం ఈ పరిశీలనలకు నాంది. 1939లో సి.వి. రామన్, కె. సుబ్బరామయ్య ఆ వలయాలను తరంగ స్వభావంతో వివరించే ప్రయత్నం చేశారు. ఈ పాత విద్యకు మందుల పరిశ్రమ కొత్త అవసరం తెచ్చింది. 1996లో మార్కెట్లోకి వచ్చిన రిటోనవిర్ మందుకు 1998లో అనుకోకుండా రెండో స్ఫటిక రూపం బయటపడింది. అది కరగకపోవడంతో కాప్స్యూళ్లను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఒక మందు ఎన్ని రూపాల్లో రాగలదో ముందే తెలుసుకోవడం అత్యవసరమైంది. ఇంగ్లండ్‌లోని డర్హమ్‌లో జొనాథన్ స్టీడ్ బృందం 2010లో సేంద్రియ ద్రావణుల జెల్‌లలో మందుల స్ఫటికాలను పెంచి, తర్వాత అసిటేట్ అయాన్ కలిపి జెల్‌ను కరిగించి, స్ఫటికాలను చెక్కుచెదరకుండా తీసింది. ఆ తర్వాత మందు అణువును పోలిన జెల్ పోగులతో, మామూలుగా దొరకని అస్థిర రూపాన్ని రప్పించింది. మందుల తయారీకి పేరున్న హైదరాబాద్‌కు ఇది అక్కరకొచ్చే పద్ధతి.

ఆహారంలో కథ వేరు. 1937లో డాల్డాతో దేశమంతటా పాకిన వనస్పతి, ద్రవ నూనెకు ఘనరూపం ఇచ్చింది కానీ ట్రాన్స్ కొవ్వును తెచ్చింది. భారత ఆహార భద్రత ప్రమాణాల సంస్థ దాని పరిమితిని 2021 జనవరిలో 3 శాతానికి, 2022 జనవరిలో 2 శాతానికి కుదించింది. నూనెను రసాయనికంగా మార్చకుండా స్ఫటికాల వలతో నిలబెడితే ఆ బెడద ఉండదు. 12-హైడ్రాక్సీస్టియరిక్ ఆమ్లానికి ఆహార పదార్థంగా ఆమోదం లేదు కాబట్టి చూపు మైనాల మీదికి మళ్లింది. వాటిలో తవుడు నూనె శుద్ధిలో మిగిలే మైనం మేటి: 2009లో దస్సనాయకే, ధర్మ కొడాలి, ఉఎనో, సటోల బృందం, అది పొడవైన సూదులుగా పెరిగి కార్నౌబా, కాండెలిల్లా మైనాల కంటే తక్కువ మోతాదులో, నూటికి ఒక పాలు ఉంటేనే నూనెను జెల్ చేస్తుందని చూపింది. తవుడు నూనెలోనే దొరికే ఒరైజనాల్, సిటోస్టెరాల్‌తో కలిసి కొన్ని నానోమీటర్ల బోలు గొట్టాలు అల్లుతుంది. అయితే నీటి తడి తగిలితే సిటోస్టెరాల్ నీటిని పట్టుకుని వేరే స్ఫటికమై గొట్టాలు చెడతాయి. వరి పండే ఆంధ్ర, తెలంగాణల్లో తవుడు మైనం, ఒరైజనాల్ రెండూ ఉప ఉత్పత్తులుగా అందుబాటులో ఉన్నవే.

ఏ జెల్‌కైనా చివరి పరీక్ష కాలం. పోగుల వల సమతుల్య స్థితి కాదు. చిన్న స్ఫటికాలు కరుగుతూ పెద్దవి లావెక్కుతూనే ఉంటాయి, వల కన్నాలు పెద్దవై నూనె చెమరుస్తుంది. వేడెక్కి చల్లారే ప్రతి చక్రం దీన్ని తొందరపెడుతుంది, ఎందుకంటే వేడిలో సన్నని పోగులు ముందుగా కరిగి, చల్లారేటప్పుడు మిగిలిన లావు పోగుల మీదే పేరుకుంటాయి. ఆదోని ప్రాంతంలో మే నెల పగళ్లు 40 డిగ్రీలు దాటుతాయి, రేకుల షెడ్డులో అంతకంటే ఎక్కువ. 80 డిగ్రీల దగ్గర కరిగే మైనంతో చేసిన జెల్ కూడా అక్కడ ముద్దగా కరగకపోయినా, దానిలోని అతి సన్నని పోగులను రోజూ కొంత కోల్పోతుంది. దీన్ని తట్టుకోవడానికి ఇప్పుడున్న మార్గాలు రెండు: మోతాదు పెంచడం, లేదా రెండు మైనాలను కలిపి ఒకదాని పెరుగుదలను మరొకదానితో అడ్డగించడం. మొదటిది రుచినీ ఖర్చునూ దెబ్బతీస్తుంది. రెండోది మేలైనది, కానీ ఏ జంట ఒకదానికొకటి సాయపడుతుందో, ఏ జంట చెడగొట్టుకుంటుందో స్ఫటిక నిర్మాణం నుంచి ముందుగా లెక్కించే సూత్రం ఇంకా రాలేదు. అందాకా ప్రతి నూనెకూ ప్రతి మైనానికీ విడిగా, నిల్వ ఉండబోయే చోటి ఎండలోనే పరీక్ష చేసి తేల్చుకోవాల్సి ఉంటుంది.